నోటి లెక్కల గంట

మూడో తరగతి టీచర్‌ని బడంతా ఎక్స్‌ప్రెస్ టీచర్ అంటుంది. పిల్లలు చాటున అంటారు, తోటి టీచర్లు మొహం మీదే అంటారు. ఆవిడకి కోపం రాదు సరికదా, లోపల్లోపల కాస్త గర్వం కూడా. పొద్దున్న మొదటి గంటలో ఆవిడ నోటి లెక్కలు మొదలుపెట్టిందంటే ఎంతటి నిద్రమొహానికైనా కునుకు వదలాల్సిందే. చీర కొంగు నడుముకి దోపి, బల్లల మధ్య నడుస్తూ, సుద్దముక్కతో ఒక్కొక్కరినీ చూపిస్తూ ప్రశ్న మీద ప్రశ్న వదులుతుంది. జవాబొచ్చిందా, భేష్. రాలేదా, చిటిక వేసి పక్కవాళ్ళ మీదికి వెళ్ళిపోతుంది. గంట కొట్టేసరికి ఆవిడ గొంతు ఎండిపోయి ఉంటుంది, పిల్లలు మాత్రం ఆట ఆడినట్టు ఒగురుస్తూ ఉంటారు.

ఆ సోమవారమూ అలాగే బెంచీ తర్వాత బెంచీ దాటుకుంటూ వచ్చి మూడో బెంచీ చివర ఆగింది. అక్కడ బుల్లి లేచి నిలబడింది. బుల్లి అన్నది ఇంట్లోవాళ్ళ ముద్దుపేరు, వెంటబడి బడికి కూడా వచ్చేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఏం అడిగినా ముందు తలెత్తి పైన తిరిగే ఫ్యాన్ వంక చూస్తుంది.

"యాభైలోంచి పద్దెనిమిది పోతే?"

బుల్లి ఫ్యాన్ వంక చూసింది. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. టీచర్ చిటిక వేసింది.

"సరే, తర్వాత. నువ్వు చెప్పరా, వారానికి ఎన్ని రోజులు?"

వెనక బెంచీ కుర్రాడు నోరు తెరిచేలోపే బుల్లి అంది, "ముప్ఫై రెండు."

తరగతి గొల్లుమంది. "ముప్ఫై రెండు రోజులైతే ఆదివారం ఎప్పుడొస్తుందే బాబూ!" అన్నాడు వెనక కుర్రాడు. మళ్ళీ నవ్వులు.

"నవ్వకండర్రా," అని టీచర్ కసిరింది. కసురుతూనే, తన పెదవి మీదికి వస్తున్న నవ్వుని పళ్ళ కింద నొక్కిపెట్టింది. "కూర్చో తల్లీ, ఏం ఫర్వాలేదు." ఆ మాట మనసారానే అంది. బుల్లి కూర్చుంది. పక్కనున్న పళ్ళూడిన పిల్ల బుల్లి మోచేతి మీద చెయ్యి వేసింది. టీచర్ అప్పటికే నాలుగో బెంచీ దగ్గరికి వెళ్ళిపోయింది.

విరామంలో హెడ్‌మాస్టర్ పిలిపించారు. ఆయన మంచివాడే. కాకపోతే ఎప్పుడూ ఒక కాలు గది బయట ఉన్నట్టు మాట్లాడతారు.

"ఆ ఫ్యాన్ పిల్ల సంగతి. ఊరికి అవతల ఉన్న ప్రత్యేక బడిలో ఒక ఖాళీ వచ్చిందట. గురువారం వాళ్ళమ్మని రమ్మన్నాను. పంపేద్దామంటారా? తరగతి మీది, మీ మాటే నా మాట."

టీచర్ తలుపు అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. ఒక్క క్షణం కంటే ఎక్కువ ఆవిడ దేనికీ తీసుకోదు.

"పంపించండి సార్. అక్కడైతే దానికి తగ్గట్టు చెప్తారు. ఇక్కడ ఏదడిగినా పొంతన లేకుండా చెప్తుంది. పిల్లలు నవ్వుతుంటే నాకే ప్రాణం చివుక్కుమంటోంది."

"మీరే అన్నాక ఇక ఆలోచించేదేముంది," అని ఆయన తాళాలగుత్తి తీసుకుని వెళ్ళిపోయారు.

బుల్లి వాళ్ళమ్మ ఒక టైలరు షాపులో కాజాలు కుడుతుంది. అవతలి బడికి రెండు బస్సులు మారాలి. ఆ పిల్లని ఎవరు దింపుతారు, ఎవరు తెస్తారు అన్న ఆలోచన ఆ పూట ఎవరికీ రాలేదు.

సాయంత్రం బడి వదిలాక టీచర్లందరికీ శిక్షణ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మామూలు తరగతిలోనే కలుపుకుని చదువు చెప్పడం ఎలా అన్నది విషయం. ఆ వారమంతా ఉంటుందన్నారు. లైబ్రరీ గదిలో పిల్లల బెంచీల మీద మోకాళ్ళు పొట్టకి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు అందరూ. "ఈ వయసులో మళ్ళీ బళ్ళో వేశారండీ మనల్ని," అని డ్రిల్ మాస్టారు మూలిగారు. చెప్పడానికి వచ్చిన ట్రైనర్ అమ్మాయి ఎక్స్‌ప్రెస్ టీచర్ కూతురి వయసుది. ఈ పిల్ల మనకేం చెప్తుందిలే అని టీచర్ సంచిలోంచి దిద్దాల్సిన నోటు పుస్తకాలు బయటికి తీసింది.

ట్రైనర్ తలా ఒక సూదీ, జానెడు దారమూ పంచింది.

"ఆట చిన్నదే. నేనొక ప్రశ్న అడుగుతాను. అడిగాక మీరు సూదిలో దారం ఎక్కించాలి. ఎక్కించాకే జవాబు చెప్పాలి. ఆలస్యమైతే నేను ఆగను, పక్కవాళ్ళని అడిగేస్తాను."

"ఇదేం శిక్షణండీ, కుట్టుమిషన్ కోర్సా?" అన్నారు డ్రిల్ మాస్టారు. అందరూ నవ్వారు. ట్రైనర్ కూడా నవ్వి, నేరుగా ఎక్స్‌ప్రెస్ టీచర్ వైపు తిరిగింది.

"మేడమ్, నూట నలభై నాలుగులో సగం ఎంత?"

ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుంది టీచర్. డెబ్బై రెండు నాలుక చివరే ఉంది. కానీ ముందు దారం ఎక్కాలి. దారం కొస చీలింది. తడి చేసి నలిపింది. కళ్ళజోడు నుదుటి మీద ఉంది, దించుకుంది. సూది బెజ్జం కనిపించినట్టే కనిపించి పక్కకి తప్పుకుంటోంది. అందరూ తన చేతివంకే చూస్తున్నారు. 

"తెలీదా మేడమ్? ఫర్వాలేదు, కూర్చోండి," అంది ట్రైనర్ ఎంతో మెత్తగా. "మాస్టారూ, ఫుట్‌బాల్ జట్టులో ఎంతమంది ఆడతారు?"

సరిగ్గా అప్పుడే దారం ఎక్కింది.

"డెబ్బై రెండు!" అని అరిచింది ఎక్స్‌ప్రెస్ టీచర్.

గది గదంతా విరగబడి నవ్వింది. డ్రిల్ మాస్టారు బల్ల చరిచారు. "డెబ్బై రెండు మంది దిగితే ఇక బంతికి చోటెక్కడండీ మేడమ్!"

"అది కాదండీ, నేను చెప్పింది ముందు దానికి..." అని టీచర్ అంటూనే ఉంది. ఎవరూ వినలేదు. ట్రైనర్ అప్పటికే మూడో మనిషిని అడుగుతోంది. "ముందు దానికి" అన్న మాట టీచర్ నోట్లోనే ఆగిపోయింది. చేతిలో సూది, సూదిలో దారం. చెవుల్లో మాత్రం పొద్దుటి గొంతు. ముప్ఫై రెండు. యాభైలోంచి పద్దెనిమిది పోతే ఎంత? ముప్ఫై రెండు.

ఆవిడ సూదిని నోటు పుస్తకాల మీద పెట్టేసింది.

ఆట అయిపోయాక ఎలా అనిపించిందని ట్రైనర్ అందరినీ అడిగింది. కళ్ళు నొప్పెట్టాయన్నారొకరు, సరదాగా ఉందన్నారొకరు. ఎక్స్‌ప్రెస్ టీచర్ వంతు వచ్చింది.

"నాకు జవాబు తెలుసు," అంది.  "సరిగ్గానే చెప్పాను. అందరూ నవ్వారు."

"అవును మేడమ్," అంది ట్రైనర్. ఇంకేమీ జోడించలేదు. అలా జోడించనందుకు టీచర్ ఆ అమ్మాయికి మనసులోనే దండం పెట్టుకుంది.

మర్నాడు మొదటి గంటలో ఆవిడ సుద్దముక్క పట్టుకోలేదు. అవునేమో, కాదేమో, నిన్నటిది గాలివాటు జవాబేమో. చూస్తే గానీ తెలీదు. మూడో బెంచీ దాకా మామూలుగానే వచ్చింది. బుల్లి లేచింది.

"ఎనిమిది ఆరులు ఎంత?"

బుల్లి తలెత్తి ఫ్యాన్ వంక చూసింది. టీచర్ చిటిక వెయ్యకుండా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. నోరు ఊరుకోదు కదా. 'నలభై...' అని అందించబోయి నాలుక కరుచుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన తరగతి ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆవిడ ఎరగదు. ఫ్యాన్ కిర్రుమంటోంది. పక్క గదిలో ఎవరో పద్యం వల్లిస్తున్నారు. పిల్లలు టీచర్ మొహం వంకా ఒకరి మొహం వంకా ఒకరు చూసుకుంటున్నారు.

"టీచర్, ఒంట్లో బాలేదా?" అన్నాడు వెనక కుర్రాడు, నిజంగానే కంగారు పడి.

టీచర్ వేలు పెదాల మీద పెట్టి వాణ్ణి ఆపింది.

"నలభై ఎనిమిది," అంది బుల్లి.

టీచర్ భేష్ అనాలి. ఎప్పుడూ అనే మాటే. అది రాక, ఇంకో ప్రశ్న అడిగింది. మళ్ళీ చేతులు పట్టుకుని నిలబడింది. మళ్ళీ ఆ ఫ్యాన్ చూపు, మళ్ళీ ఆ పెదాల కదలిక, మళ్ళీ సరైన జవాబు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఏముంది గనక?

పళ్ళూడిన పిల్ల మాత్రం ఇందులో వింతేముంది అన్నట్టు కూర్చుని ఉంది. టీచర్ ఆ పిల్ల మొహం చూసింది.

"ఏమే, నీకు ముందే తెలుసా?"

"తెలుసు టీచర్. అది ముందు ప్రశ్నకి చెప్తుంది. ఎప్పుడూ అంతే."

"మరి నాతో అనలేదేం?"

ఆ పిల్ల చూపుడువేలితో ఊడిన పంటి చోటు తడుముకుంటూ నిజాయితీగా ఆలోచించింది.

"మీరు ఆగరు కదా టీచర్."

ఆ మాట ఆవిడకి సూటిగా గుచ్చుకుంది. కానీ విచిత్రం, దాని వెనకే పెద్ద ఊరట వచ్చింది. ఇంకా గురువారం కాలేదు. ఇంకా టైముంది.

సాయంత్రం ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన బస్సు డిపోలో పని చేస్తాడు. పళ్ళెం ముందు కూర్చుని మొత్తం విన్నాడు.

"హెడ్‌మాస్టర్‌గారితో పంపించెయ్యమన్నది నేనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దనాలి? మాట మీద నిలబడని మనిషి అనుకోరూ? ఏమంటావు?" అని అడిగి, అలవాటు ప్రకారం తనే జవాబు కూడా చెప్పబోయి ఆగింది. ఆగి, ఆయన మొహం వంక చూస్తూ కూర్చుంది.

"ఏమిటలా చూస్తున్నావు? నిజంగానే నన్నడుగుతున్నావా?" అన్నాడాయన ముద్ద పట్టుకుని.

"నిన్నే."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలాడు. "పెళ్ళయినప్పట్నుంచీ నువ్వు నన్ను అడిగిన ప్రశ్నలకి నేను చెప్పిన జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు," అన్నాడు చివరికి. "మాట పోతే పోయింది. ఎక్కడికి పోతుంది, మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ పిల్ల రెండు బస్సులెక్కి వెళ్ళిపోయాక తెచ్చుకోవడం కష్టం."

ఇంతటి మనిషి ఇన్నాళ్ళూ తన ఎదురుగానే కూర్చుని భోంచేస్తున్నాడా అనిపించింది ఆవిడకి. ఆ మాట పైకే అనేసింది. ఆయన సిగ్గుపడి మజ్జిగ అడిగాడు.

బుధవారం బడి మొదలవకముందే ట్రైనర్‌ని ఫోన్ చేసి పిలిపించుకుంది. ట్రైనర్ ఆవిడ కోరిక మీద మొదటి గంటంతా వెనక బెంచీలో వెనక కుర్రాడి పక్కన ఇరుక్కుని కూర్చుంది. గంటయ్యాక ఇద్దరూ వరండాలో నిలబడ్డారు.

"మీరు ముందు మనిషిని లేపి, తర్వాత ప్రశ్న అడుగుతున్నారు మేడమ్. ఒకరు లేవగానే మిగతా అందరూ ఆలోచించడం మానేస్తున్నారు. ముందు ప్రశ్న అందరికీ వేసి చూడండి. కాసేపు ఎవరూ నోరెత్తకూడదు. ఆ తర్వాత ఒకరిని పిలవండి. బుల్లికే కాదు, ఆ చివర మాట్లాడని కుర్రాళ్ళిద్దరికీ కూడా అదే కావాలి."

"బుల్లికి తన ప్రశ్న కాస్త ముందుగా చెప్పి ఉంచితే?"

"అది నాకు తట్టలేదండీ," అంది ట్రైనర్ సంతోషంగా. "చాలా బావుంది. చెయ్యండి."

టీచర్ అప్పటికప్పుడే రెండో గంటలో మొదలుపెట్టేసింది. పంతానికి పోతే ఆవిడ తర్వాతే ఎవరైనా. మొదటి బెంచీ దగ్గర ఉండగానే మూడో బెంచీ దాకా వెళ్ళి బుల్లి చెవి దగ్గర వంగి ప్రశ్న చెప్పి వచ్చింది. "నీ వంతు వచ్చేసరికి ఆలోచించి ఉంచు, తొందరేం లేదు." వంతు వచ్చింది. బుల్లి లేచి, ఫ్యాన్ వంక చూడకుండా, టీచర్ వంక చూసి చెప్పింది.

"నలభై."

ప్రశ్న ఐదు తొమ్మిదులు. తప్పు. టీచర్‌కి మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల చేసిన తప్పు తనకి కనబడటం ఇదే మొదటిసారి. కనబడితేనే కదా దిద్దేది! బల్ల మీద చింతగింజలు ఐదేసి చొప్పున పోసి ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. ఎనిమిది కుప్పల దగ్గర బుల్లి ఆగిపోయింది. ఇంకో కుప్ప ఉందని పళ్ళూడిన పిల్ల అందించబోతే టీచర్ ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. బుల్లి గింజల వంక చాలాసేపు చూసి, తొమ్మిదో కుప్పని తనే ముందుకి జరుపుకుంది.

గురువారం బుల్లి వాళ్ళమ్మ షాపులో పూట సెలవడిగి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. వేలికి కుట్టుపని తొడుగు తియ్యడం మరిచిపోయి, ఆఫీసు గది బయట దాన్ని తిప్పుకుంటూ నిలబడింది. లోపల హెడ్‌మాస్టర్ కుర్చీలోంచి అప్పటికే సగం లేచి ఉన్నారు.

"సార్, సోమవారం నేను చెప్పింది తప్పు," అంది టీచర్ గుమ్మంలోనే. ఇంకాస్త ఆలస్యం చేస్తే ధైర్యం జారిపోయేట్టుంది. "ఆ పిల్ల పొంతన లేకుండా చెప్పడం లేదు. నేనే ఆగకుండా వెళ్ళిపోతున్నాను. ఒక్క పది నిమిషాలు తరగతికి రండి. దాన్ని ఇక్కడికి పిలవొద్దు, ఈ గదిలో నాకే మాట తడబడుతుంది."

హెడ్‌మాస్టర్ ఆవిడ మొహం వంక వింతగా చూసి లేచారు.

తరగతిలో ఆయన బల్ల పక్కన నిలబడ్డారు. వాళ్ళమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. "అమ్మాయ్, పన్నెండులో సగమెంత?" అన్నారాయన. బుల్లి ఫ్యాన్ వంక చూసింది. ఆయన గడియారం చూసుకున్నారు, టీచర్ వంక చూశారు, ఏదో అనబోయారు. టీచర్ తల అడ్డంగా ఊపింది. తలుపు దగ్గర తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆరు."

"మంచిది, మంచిది. వందలోంచి నలభై ఐదు పోతే?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. తరగతిలో ఒక్కరు కదల్లేదు. వెనక కుర్రాడైతే ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోయాడు.

"అరవై ఐదు," అంది బుల్లి.

హెడ్‌మాస్టర్ నిట్టూర్చారు. "తప్పు కదండీ మేడమ్," అన్నారు గొంతు తగ్గించి, జాలిగా.

తల్లి తల దించుకుంది. టీచర్ సరైన జవాబు వస్తుందనీ, దాన్ని చూపించి గెలుస్తాననీ అనుకుని వచ్చింది. ఇప్పుడు చూపించడానికి ఏముంది? అనుకోకుండా ఆవిడ తరగతి వంక చూసింది. అందరూ తన పిల్లలే. ఎవరెక్కడ తడబడతారో ఆవిడకి కంఠతా వచ్చు.

"తప్పే సార్. పదులు అప్పు తెచ్చుకున్నాక తగ్గించడం మరిచిపోయింది. ఈ తప్పు చేసేవాళ్ళు ఇందులో ఇంకో నలుగురున్నారు. కావాలంటే ఇప్పుడే అడగండి. వాళ్ళెవర్నీ మనం వేరే బడికి పంపడం లేదు కదా."

వెనక బెంచీలో కుర్రాడు చెయ్యెత్తాడు. "నేనొకణ్ణి సార్," అన్నాడు.

"తెలివైన పిల్ల కాబట్టి ఉంచమని కాదు సార్ నేననేది," అంది టీచర్. "రేపు దీనికి లెక్కలు అసలే రాకపోయినా ఇది నా తరగతి పిల్లే. దీనికి కాస్త ఎక్కువసేపు కావాలి. అది నా దగ్గర ఉంది, ఇస్తాను."

 టీచర్‌కి ఇంకో పది మాటలు నోటిదాకా వచ్చాయి. అన్నీ మింగి ఊరుకుంది. హెడ్‌మాస్టర్ బుల్లి వంకా, తలుపు దగ్గర నిలబడ్డ తల్లి వంకా చూశారు. తాళాలగుత్తి జేబులో వేసుకున్నారు.

"ఆ బడివాళ్ళకి రావడం లేదని చెప్పేస్తాను," అన్నారు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగారు. "ఇవాళ్టి శిక్షణకి నన్నూ కూర్చోమంటారేమో ఆ అమ్మాయిని అడగండి."

విరామం గంట కొట్టారు. పిల్లలు కుళాయి దగ్గరికి పరుగెత్తారు. వరండాలో తల్లి టీచర్ రెండు చేతులూ పట్టేసుకుంది. "మీ మేలు ఈ జన్మకి మరిచిపోనండి," అంది, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి వదలాలని కూడా తోచక. "టీచర్‌గారికి థాంక్స్ చెప్పవే బుల్లీ."

"నాకు కాదమ్మా చెప్పాల్సింది," అంది టీచర్. మాట గబగబా అనేస్తే ఏడుపొస్తుందని మెల్లిగా అంది. బుల్లి ముందు వంగి కూర్చుంది. "నేనే నీకు చెప్పాలి. ఇన్నాళ్ళూ నువ్వు జవాబు చెప్తూనే ఉన్నావు. నేను వినలేదు. అందరూ నవ్వినా చెప్పడం మానలేదు నువ్వు. ఎందుకు మానలేదమ్మా?"

బుల్లి తలెత్తి వరండా కప్పు వంక చూసింది. అక్కడ ఫ్యాన్ లేదు.

"అదేం చెప్తుందండీ, పిచ్చి మొద్దు, దానికి సిగ్గు..." అని తల్లి అందుకోబోయింది. టీచర్ ఆమె చెయ్యి మెత్తగా నొక్కింది. తల్లి ఆగింది. పిల్లలు అరుచుకుంటూ వాళ్ళని రాసుకుంటూ వెళ్ళిపోయారు. తడి కాళ్ళతో తిరిగి వచ్చారు కూడా. విరామం అయిపోవచ్చింది. ముగ్గురూ అలాగే ఉన్నారు.

"వేరే టీచర్లు నన్ను అడగరు," అంది బుల్లి. "మీరు రోజూ అడుగుతారు."

ఎక్స్‌ప్రెస్ టీచర్ నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. గంట కొట్టారు. బుల్లి తరగతిలోకి వెళ్ళలేదు. తొందరేమీ లేనట్టు, ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడింది.